కొండచేదు, దొంగచేదు

ఆ సోమవారం పొద్దున్న రత్నం ఇరవై మూడు కట్టలు తేల్చేసింది. అంతకు ముందు నెలదాకా ఒక్క కట్ట తేల్చడానికి ఆమెకి పూటంతా పట్టేది. అదైనా మాస్టారు పక్కన కూర్చుని అవునమ్మా, కాదమ్మా అంటూ ఉంటేనే. ఇప్పుడు తాడు విప్పీ విప్పకముందే తెలిసిపోతోంది. ఎండి, నలిగి, చీపురుపుల్లల్లా ఉన్న ఆ మొక్కల్ని చూడగానే ఇది కొండచేదు, ఇది దొంగచేదు అని పెళ్లిపందిట్లో చుట్టాల్ని పోల్చుకున్నంత సులువుగా చెప్పేస్తోంది.

ఈ రెండు చేదుల సంగతి ముందు చెప్పుకుంటే గానీ మిగతాది అర్థం కాదు. పాడేరు పైన కొండల్లో జెన్షియన్ కుటుంబానికి చెందిన మొక్కలు కొన్ని పెరుగుతాయి. స్వెర్షియా అని ఒక ప్రజాతి. మోకాలెత్తు మొక్క, నాలుగు పలకల కాడ, నాలుగు రేకుల పువ్వు, ప్రతి రేకు మొదట్లో అంచుకి నూగున్న చిన్న తేనెగిన్నె. కాడ నమిలితే నాలిక మొద్దుబారిపోయేంత చేదు. తొమ్మిది రోజుల జ్వరం అని కొత్తది ఒకటి వచ్చి కోస్తా ఊళ్లని ఊపేస్తున్న రోజుల్లో, దానికి పనిచేసే మందు ఒక్క కొండచేదులోనే దొరికింది. తీరా చూస్తే దాని పక్కనే, అదే గట్టు మీద, అచ్చం అలాగే ఉండే మొక్క ఇంకొకటి పెరుగుతుంది. దాన్ని కొండమీది వాళ్లు దొంగచేదు అంటారు. దాంతో మందు చేస్తే జ్వరం తగ్గకపోగా కాలేయం పాడవుతుంది.

రెండిటికీ జన్యుపరీక్ష ఒకటే జవాబు చెబుతుంది. ఫోటో తీసి చెప్పే యంత్రం నాలుగిటిలో ఒకటి తప్పు చెబుతుంది. తప్పు లేకుండా చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, కోరాడ విశ్వేశ్వరం మాస్టారు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు కళ్లకీ చూపు మధ్యలో మచ్చ మొదలైంది, ఇంకో రెండు మూడు నెలలకి మించి మొక్కల్ని చూడలేరన్నారు డాక్టర్లు. "ఎలా చెబుతారు మాస్టారూ?" అని ఎవరడిగినా ఆయన "చూస్తే తెలుస్తుందమ్మా" అనేవారు. నలభై ఏళ్లుగా శిష్యులకి ఆయన చెప్పిన పాఠమంతా అదే. దాంతో ఒక్కడూ బాగుపడలేదు.

ఆ చూస్తే తెలియడాన్నే మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్ షమీమ్ ఆయన తలలోంచి రత్నం తలలోకి పంపింది. విశాఖపట్నంలో రత్నం పనిచేసే మూలికల పరిశోధన సంస్థలోనే, పై అంతస్తులో, షమీమ్ ప్రయోగశాల. మాస్టారి తలకి ఒక తీగల టోపీ, రత్నం తలకి ఒకటి. ఎండు మొక్కల్ని అంటించిన అట్టలు ఒక్కొక్కటిగా ఇద్దరి ముందూ పెడుతుంటే, మాస్టారి మెదడులో ఏది మెరిస్తే అది రత్నం మెదడులో కూడా మెరిసేలా టోపీ సన్నగా తడుతూ ఉండేది. పదకొండు రోజులు, నాలుగు వేల అట్టలు. దాన్ని వాళ్లు అచ్చు అన్నారు. ఆ అచ్చు యంత్రంలో నిలవదు. ఒక తలలోంచి ఇంకో తలలోకి పోవడమే తప్ప మధ్యలో దాచడానికి వీల్లేదు.

"మండలం రోజులు గడువు, రత్నం గారూ," అంది షమీమ్ కాగితాల మీద సంతకం పెట్టిస్తూ. "అచ్చు పూర్తయ్యాక నలభై రోజుల్లోపు అయితే చెరిపేయగలను. తర్వాత అది మీదైపోతుంది. నా చేతిలో ఉండదు."

"చెరిపేసుకునేంత వెర్రిదాన్నా?" అని నవ్వి సంతకం పెట్టింది రత్నం. కిందటేడు ఆమె కూతురు లాస్యకి ఆ జ్వరమే వచ్చింది. ఏడో రోజున పిల్ల తల్లిని గుర్తుపట్టడం మానేసింది. మాస్టారు తేల్చిన కట్టలోంచి తీసిన మందుతోనే బతికింది. రత్నం ఆ సంగతి మర్చిపోయే మనిషి కాదు.

అలా ఇరవై మూడు కట్టలు తేల్చిన ఆ సోమవారం, సాయంత్రం నాలుగింటికి ఆమె కులాసాగా బడి గేటు దగ్గరకి వెళ్లి నిలబడింది. గంట కొట్టారు. పిల్లలందరూ ఒక్కసారి బయటికొచ్చారు. నీలం గౌను, తెల్ల చొక్కా, నీలం గౌను, తెల్ల చొక్కా. రత్నం చూస్తూనే ఉంది. చూస్తూ ఉంటే తెలిసింది, ఆమె ఎవరినీ పోల్చుకోవడం లేదు. కళ్లున్నాయి, ముక్కులున్నాయి, అన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి, కానీ వాటిలో ఏవీ ఎవరివీ కావు. తనకి ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుంది. పక్కనున్న గోడ పట్టుకుంది.

"అమ్మా, అలా చూస్తావేంటి, పద," అని ఒక పిల్ల వచ్చి చెయ్యి పట్టుకున్నాక, ఆ గొంతు విని, అది లాస్య అని ఆమెకి అర్థమైంది. గొంతు విన్న తర్వాత మళ్లీ ముఖంలోకి చూసింది. గొంతు లాస్యదే. ముఖం మాత్రం ఎవరో పిల్లది.

దారంతా లాస్య డ్రాయింగ్ టీచరు గురించి ఏదో చెబుతూనే ఉంది. రత్నం ఆ చేతిని గట్టిగా పట్టుకుని నడిచింది. బడి గోడ పక్కన పిచ్చిమొక్కలు మొలిచి ఉంటే వాటిలో ప్రతిదీ పేరుతో సహా ఆమెకి తెలుస్తూనే ఉంది. అది ఎందుకో ఆమెకి సిగ్గుగా అనిపించింది.

మర్నాడు షమీమ్ రెండు గంటలసేపు పరీక్షలు చేసి, తన నుదురు తనే కొట్టుకుంది. "మెదడులో ముఖాలు చూసే చోటొకటి ఉంటుంది. పక్షుల్ని బాగా గుర్తుపట్టేవాళ్లూ, మొక్కల్ని బాగా గుర్తుపట్టేవాళ్లూ ఆ చోటునే కొంచెం వాడుకుంటారు. మాస్టారిది కూడా అక్కడే ఉంది. మీకూ అక్కడే దిగింది. పక్కపక్కన సర్దుకుంటాయనుకున్నాను. సర్దుకోలేదు. వచ్చింది మెల్లగా వేళ్లూనుకుని, నిన్నటికి ఉన్నదాన్ని బయటికి గెంటేసింది."

"మాస్టారికి ఇలా లేదు కదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు," అంది షమీమ్. "ఆయనకి రెండూ ఎలా పట్టాయో."

చెరిపించుకోవాలంటే ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది. చెరిపించుకుంటే కొండచేదుని తేల్చేవాళ్లు ఇంకెవరూ ఉండరు, ఎందుకంటే పదకొండో రోజు అచ్చు పూర్తవుతుండగానే మాస్టారి కళ్లు అట్టల మీద నిలవడం మానేశాయి. మళ్లీ ఆయన దగ్గర తీసుకోవడం కుదరదు. చెరిపించుకోకపోతే లాస్య ముఖం పోయినట్టే. సంస్థ డైరెక్టరు అంతా విని, చాలాసేపు ఆలోచించి, రత్నం తలలోంచి దాన్ని ఇంకొకరి తలలోకి మార్చడానికి మన దగ్గర పెళ్లి కానివాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. పెళ్లి కానివాళ్లకి అమ్మానాన్నా ఉండరు కాబోలు. ఎవరూ ముందుకి రాలేదు.

రత్నం వృక్షశాస్త్రం చదువుకున్న మనిషి. గుర్తుపట్టలేనిదాన్ని గుర్తుపట్టడానికి వాళ్లకో పద్ధతి ఉంది. రెండేసి లక్షణాలు రాసుకుని, అవునా కాదా అంటూ ఒక్కో మెట్టు దిగుతూ పోతే చివరికి పేరు దొరుకుతుంది. దాన్ని తాళంచెవి అంటారు. ఆ సాయంత్రం వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఆమె తన పనిపుస్తకంలో తన ఇంటికి తాళంచెవి రాసుకుంది.

1. మీసం ఉంది: సన్యాసినాయుడు (భర్త).
1. మీసం లేదు: 2 చూడు.
2. ముక్కుకి రెండు పక్కలా పుడకలు: అత్త.
2. పుడకలు లేవు: 3 చూడు.
3. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, నడుం దాకా: లాస్య.
3. అలా లేదు: మన ఇంటి మనిషి కాదు.

సన్యాసినాయుడు ఆమెకి మేనబావ. చేపలరేవులో మంచు ఫ్యాక్టరీ చూసుకుంటాడు. ఆమె వెనక నిలబడి అంతా చదివి, "నాను మీసం తీసేస్తే ఇంట్లోకి రానియ్యవేటి?" అన్నాడు. ఆమె నవ్వలేదు. అప్పుడతను పక్కన కూర్చున్నాడు. "తియ్యనులే. ముసలోడినయ్యాక కూడా తియ్యను. కానీ రత్నం, ఇదేటో నాకు బుర్రకెక్కట్లేదు. నన్ను సూస్తే నీకేటి కనిపిస్తాది?"

"అన్నీ కనిపిస్తాయి బావా. నువ్వు కనిపించవు."

అతను మీసం తడుముకుంటూ కాసేపు కూర్చుని, మంచు లారీ వచ్చే వేళైందని వెళ్లిపోయాడు.

పది రోజులు తాళంచెవి బాగానే పనిచేసింది. గేటు దగ్గర ఎర్ర రిబ్బన్లు వెతుక్కునేది, జడల పొడుగు చూసుకునేది. ప్రయోగశాలలో కట్టల మీద కట్టలు తేల్చేది. అక్కడున్నంతసేపూ ఆమెకి ఏ బాధా ఉండేది కాదు. బీరువా తెరిస్తే నూరేళ్ల కిందట ఎవరో కోసి అంటించిన మొక్క కూడా నిన్నా మొన్నా చూసిన మనిషిలా ఎదురొచ్చేది. ఇది దీని చెల్లెలు, ఇది దీని పినతల్లి అన్నట్టుండేది. సంతోషంగా ఉండేది. ఇంటికి రాగానే ఆ సంతోషం ఎక్కడిదా అని తికమకపడేది. తను పొద్దున్న ఒక మనిషీ సాయంత్రం ఇంకో మనిషీ అయిపోతున్నట్టూ, ఆ ఇద్దరిలో లాస్యకి తల్లి ఎవరో తేలనట్టూ ఉండేది. తల్లి ముఖం, చనిపోయిన తండ్రి ముఖం తలుచుకుందామని కళ్లు మూసుకుంటే చీరా, చొక్కా, కళ్లజోడూ వచ్చేవి. మధ్యలో ఏమీ ఉండేది కాదు.

ఇరవై మూడో రోజు ఆదివారం. ఒక బండి కొండచేదు పాడేరు నుంచి వస్తోందంటే రత్నం పొద్దున్నే ప్రయోగశాలకి వెళ్లి, మధ్యాహ్నం ఎప్పటికో ఇంటికొచ్చింది. వరండాలో ముగ్గురు పిల్లలు వరసగా కూర్చుని పులిహోర తింటున్నారు. ముగ్గురికీ గుండు. ముగ్గురి గుండు మీదా గంధం.

సింహాచలం మొక్కు. జ్వరం తగ్గితే పిల్ల తలనీలాలు అప్పన్నకి ఇస్తానని కిందటేడే అత్త అప్పలనరసమ్మ మొక్కుకుంది. ఆ సంగతి రత్నానికి తెలుసు. ఎప్పుడో తెలీదు. మంచి రోజని ఆవిడ తన చెల్లెలి మనవరాళ్లిద్దర్నీ కూడా కలుపుకుని పొద్దున్నే కొండకి తీసుకెళ్లిపోయింది. రాలిపోయే లక్షణం మీద తాళంచెవి కట్టకూడదని రత్నం తనే ఏటేటా సంస్థలో చేరే కొత్త పిల్లలకి పాఠం చెబుతుంది. పువ్వు రాలుతుంది, ఆకు రాలుతుంది, రాలని దాన్ని పట్టుకోండి అని. జుట్టు సంగతి ఆమెకి తట్టలేదు.

ముగ్గురూ తలెత్తి చూశారు. ముగ్గురి నోళ్ల నిండా పులిహోర. ఎవరూ మాట్లాడలేదు. రత్నం గుమ్మంలో నిలబడిపోయింది. మధ్యలో ఉన్న పిల్ల కొంచెం పొడుగ్గా ఉంది. లాస్య ఆ మధ్య పొడుగైందనే జ్ఞాపకం. ఆమె నవ్వు తెచ్చుకుని, వంగి, మధ్య పిల్ల గడ్డం పట్టుకుని, "గుండు ఎంత బాగుందే నా తల్లికి" అంది.

ఆ పిల్ల బిక్కమొహం వేసి పక్కకి చూసింది. చివర కూర్చున్న పిల్ల పళ్లెం కింద పెట్టి, లేచి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ నడక చూశాక రత్నానికి తెలిసింది.

"ఏటే రత్నం, ఏటిది?" అప్పలనరసమ్మ వంటింట్లోంచి వచ్చి అంతా చూసింది. "కన్నకూతురు అక్కడుంటే ఇంకొకరి గుంటని పట్టుకుని ముద్దులాడతావేటి? గుండు గీయిస్తే గుంట మారిపోద్దేటి?"

"పోల్చుకోలేకపోయానత్తా."

"నీ కడుపున పుట్టిన గుంటని నువ్వు పోల్చుకోకపోతే ఇంకెవులు పోలుస్తారు?" ఆవిడ తిడదామనే మొదలుపెట్టింది. రత్నం ముఖం చూసి ఆపేసింది. ఆవిడకి ఆ అచ్చు గొడవ సగమే తెలుసు, ఆ సగం మీద నమ్మకం లేదు. కానీ కోడలు గుమ్మం పట్టుకుని నిలబడలేక కూలబడిపోవడం అబద్ధం కాదు. "లే, లేచి లోపలికెల్లి మాటాడు," అంది మెల్లగా.

లాస్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రత్నం పక్కన కూర్చుని చెప్పడానికి ప్రయత్నించింది. మొక్కలు, టోపీ, మందు, పిల్లలకి జ్వరం తగ్గాలంటే అమ్మ ఏం చేసిందీ, అన్నీ చెప్పింది. చెబుతూ ఉంటే ఆమెకే సగం అర్థం కాకుండా పోయింది. ఎనిమిదేళ్ల పిల్ల అంతా విని ఒకే ప్రశ్న వేసింది. "నన్ను మర్చిపోయావా?"

"నిన్ను మర్చిపోలేదు. నీ ముఖం మర్చిపోయాను."

"అదీ ఇదీ ఒకటి కాదా?"

రత్నం పిల్ల గుండు మీద చెయ్యి వేసింది. "కాదనుకుంటాను," అంది.

ఆ మర్నాటి నుంచి తల్లీకూతుళ్లకి ఒక అలవాటైంది. బడి నుంచి రాగానే లాస్య పెరటి మెట్టు మీద కూర్చునేది, రత్నం ఎదురుగా పీట వేసుకుని పనిపుస్తకం ఒళ్లో పెట్టుకునేది. కొత్త మొక్క దొరికితే ఎలా రాసుకుంటుందో అలా రాసుకునేది. ఎడమ కనుబొమ్మలో చివరి దగ్గర చిన్న ఖాళీ. కుడి చెవి తమ్మె గుండ్రం, ఎడమది కొంచెం కోసు. మాట్లాడే ముందు ఒకసారి గుటక. నవ్వొచ్చేటప్పుడు ముందు ముక్కు ముడతపడుతుంది, ఆ తర్వాతే పెదాలు. అబద్ధం చెప్పేటప్పుడు కుడికాలి బొటనవేలు కదులుతుంది. కొన్ని రోజులు పోయాక గుంపులో కూడా పిల్ల దొరకడం మొదలైంది, కాకపోతే వెతుక్కోవాలి. లాస్యకి ఆ కూర్చోవడం సరదాగా ఉండేది. "ఇంకా ఏం రాశావు, చదువు" అని రోజూ అడిగి చదివించుకునేది.

ఇరవై తొమ్మిదో రోజున రత్నం మాస్టారింటికి వెళ్లింది. రెండూ ఆయనకి ఎలా పట్టాయో అడగాలి. దారి ఉంటే ఆయన చెప్పాలి.

మాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు. అడుగుల చప్పుడు విని, "రత్నమేనా? కుడికాలు కాస్త ఈడుస్తావు నువ్వు" అన్నారు. ఆమె జరిగినదంతా చెప్పింది. ముఖాలు పోయాయని, గుండు సంగతి, పీట వేసుకుని రాసుకోవడం, అన్నీ. ఆయన శ్రద్ధగా విని, "సరే, ఇందులో ఇబ్బందేముంది?" అన్నారు.

"ఇబ్బందేముందేంటి మాస్టారూ? మనిషి ఎదురుగా ఉంటే ఎవరో తెలియట్లేదు."

"తెలుసుకోవాలి కదమ్మా. నడక చూడాలి. గొంతు వినాలి. చీర రంగు, చేతి గడియారం, బట్టతల. అందరూ చేసే పనే కదా. నేను కొంచెం నిదానం, అంతే. మతిమరుపు మాస్టారని మీరంతా నవ్వుకునేవారు కూడాను."

రత్నానికి ఒక్క నిమిషం పట్టింది. "మాస్టారూ, మామూలు వాళ్లకి ముఖం చూస్తే తెలిసిపోతుంది. నడకా చీరా అక్కర్లేదు. చూడగానే."

"చూడగానే అంటే?"

"మీకు కొండచేదు తెలిసినట్టు."

ఆయన వాలుకుర్చీలోంచి ముందుకి జరిగారు. చేతులు గాల్లో ఏదో వెతికి కుర్చీ చేతుల మీద పడ్డాయి. "అందరికీనా?" అన్నారు. "పాలవాడికీ? బస్సు కండక్టరుకీ? ముఖం చూసి, అంతే?"

"అందరికీ మాస్టారూ."

వీధిలో ఎవరో ఉల్లిపాయలమ్ముకుంటూ వెళ్లారు. రత్నం తను చెప్పకూడనిది చెప్పేసిందా అని భయపడింది.

"పెళ్లయిన కొత్తలో," అని మొదలుపెట్టారు మాస్టారు, "మా సుందరాన్ని తీసుకురావడానికి విజయనగరం స్టేషనుకి వెళ్లాను. వానలో తడిసి దారిలో ఎవరిదో చీర కట్టుకుందట. నేను ఆవిడ పక్కనుంచి రెండుసార్లు వెళ్లిపోయాను. మూడోసారి ఆవిడే పిలిచింది. ఏమీ అనలేదు. ఆ వారమే వెళ్లి ఆరు చీరలు కొనుక్కొచ్చింది, ఆరూ పసుపు రంగువి. నలభై మూడేళ్లు పసుపు చీరే కట్టింది. పెళ్లిళ్లకీ అదే, చావులకీ అదే. చుట్టాలు ఎగతాళి చేసేవారు. తనకా రంగంటే పిచ్చి అని చెప్పి నవ్వేది." ఆయన కుర్చీ చేతిని అరచేత్తో నిమిరారు. "ఇష్టమనుకున్నానమ్మా. ఇప్పుడు నువ్వు చెప్పేదాకా ఇష్టమే అనుకున్నాను."

"ఆవిడ మీకెప్పుడూ చెప్పలేదా?"

"చెబితే నేను బాధపడతానని కాబోలు." అన్నారు మాస్టారు. "ఆవిడ ముఖం ఎలా ఉండేదో నాకు తెలీదు. ఎవరైనా అడిగితే పసుపు రంగని చెబుతాను. నీకు నేనిచ్చింది విద్య కాదు, నా లోటు. నాకే తెలియకుండా ఇచ్చాను. చెరిపించుకో రత్నం. నీ పిల్లకి ఆ పసుపు చీరల అవసరం రానివ్వకు."

తిరిగొస్తుంటే ఆమె మనసు మనసులో లేదు. మాస్టారికి రెండూ పట్టలేదు, అసలు ఒకటే ఉండేది. ఆ ఖాళీలోనే కొండచేదు అంత ఏపుగా ఎదిగింది. సరే, చెరిపించుకుంటుంది. చెరిపించుకుంటే ఏడాదికి ఎన్ని ఇళ్లలో పిల్లలు ఏడో రోజున తల్లిని గుర్తుపట్టకుండా పోతారు? తన పిల్ల ఒక్కతి కోసమా? తన పిల్ల ఒక్కతి కోసమే. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఆమె లోపల తిరుగుతూనే ఉన్నాయి.

మిగిలిన పదకొండు రోజుల్లో ఆమె మాస్టారు ఎప్పుడూ చేయని పని చేసింది. చూస్తే తెలిసినదాన్ని మాటల్లో పెట్టడానికి కూర్చుంది. ఆయనకి అది ఎందుకు చేతకాలేదో ఇప్పుడామెకి అర్థమైంది. తెలిసిపోయినదాన్ని ఎవరూ పరిశీలించరు. కట్ట చూడగానే కొండచేదు అని తెలిసిపోతే ఇక ఏ అంచు వల్ల తెలిసిందో వెనక్కి వెళ్లి చూడ్డం నరకంగా ఉంటుంది. కానీ పెరటి మెట్టు మీద పిల్ల ముఖాన్ని ముక్కలు ముక్కలుగా చూసి రాసుకున్న అలవాటు ఆమెకి ఉంది. మొక్కల్ని కూడా తెలియనివాటిలా చూడమని తన కళ్లకి తనే చెప్పుకుంది.

ఎండిన పువ్వుల్ని గోరువెచ్చని కుంకుడు నీళ్లలో నానబెట్టి, రేకులు మెత్తబడ్డాక సూదితో విప్పి, లెన్సు కింద పెట్టేది. ఆరు వందల పువ్వులు. ముప్పై ఆరో రోజున దొరికింది. తేనెగిన్నె అంచున ఉండే నూగు, కొండచేదులో మొదలు నుంచే ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక విడిగా ఉంది. దొంగచేదులో అడుగున సన్నని పొరలా కలిసి ఉంది. పొర ఎంత సన్నదంటే, నానకపోతే కనిపించదు, ఎక్కువ నానితే చిరిగిపోతుంది. ఇద్దరు కొత్త పిల్లలకి నేర్పి చేయించి చూసింది. పువ్వున్న ప్రతి కట్టనీ వాళ్లు సరిగ్గా తేల్చారు.

పువ్వు లేని కట్టలు అయిదింట ఒకటి ఉంటాయి. కొండ దిగేలోపు పువ్వులు రాలిపోతాయి. వాటికి ఉపాయం దొరకలేదు. కాడని బట్టి రాద్దామని చూసింది, వేరుని బట్టి చూసింది. తనకి కనిపిస్తూనే ఉంది, మాటల్లోకి రాలేదు. ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం దాకా ప్రయత్నించి పుస్తకం మూసేసింది.

"అంటే అయిదింట ఒక వంతు మంచి సరుకు తగలబెట్టాలన్నమాట," అన్నాడు డైరెక్టరు. "ఆ మందు అందక ఏమైనా అయితే?"

"అవుతుంది," అంది రత్నం. "ఎవరో ఒకరికి అవుతుంది. నాకు తెలుసు." ఆ మాట ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆమెని వదల్లేదు.

నలభయ్యో రోజు పొద్దున్న షమీమ్ టోపీ పెట్టింది. మాస్టారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు, ఆయనకి కనిపించేదేమీ లేకపోయినా. అట్టలు ఒక్కొక్కటే ముందుకి వస్తుంటే, ఒక్కొక్కటే ఎవరో కొత్తవాళ్లలా అయిపోయాయి. మధ్యాహ్నానికి రత్నం చేతిలో ఉన్నది ఎండిన పుల్ల. ఏడుపొచ్చింది, ఏడ్చింది. నాలుగింటికి బడి గేటు దగ్గర నిలబడితే, రెండు వందల మంది పిల్లల్లోంచి పిలక కూడా లేని ఒక పిల్ల ముఖం నేరుగా వచ్చి ఆమెకి తగిలింది. లాస్య. వెతకలేదు, లెక్క వేసుకోలేదు. పరుగెత్తుకెళ్లి ఎత్తుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల సిగ్గుపడి దింపమని గోల చేసింది.

ఆ తర్వాత రెండు నెలలు అందరూ బాగానే ఉన్నారు. సన్యాసినాయుడు మీసం ట్రిమ్ చేయించుకున్నాడు, ఎందుకైనా మంచిదని పూర్తిగా తీయలేదు. లాస్యకి బొటనవేలంత జుట్టొచ్చింది. ప్రయోగశాలలో కుంకుడు నీళ్ల గిన్నెలు వరసగా ఉంటాయి. తేలని కట్టలు నెలాఖరున కాలుస్తారు. ఆ రోజు రత్నం సెలవు పెడుతుంది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి లాస్య పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. రత్నం ఒకసారి అటు చూసి, "హోంవర్క్ అయిందా?" అని అడిగి, చేతిలో ఉన్న కట్టల జాబితా చూసుకుంటూ లోపలికి నడిచింది.

"అమ్మా."

"ఊఁ."

"మళ్లీ ఆ టోపీ పెట్టుకోవా?"

రత్నం ఆగింది. "అదేం మాటే? అది పెట్టుకుంటే నిన్ను గుర్తుపట్టలేను కదా."

"తెలుసు." పిల్ల గోటితో మెట్టు మీద పెచ్చు గీకుతోంది. "అప్పుడు నన్ను చాలాసేపు చూసేదానివి."

రత్నం జాబితా గూట్లో పెట్టేసి, వెళ్లి పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. చూసింది. లాస్య. అంతే. చూడగానే తెలిసిపోయింది, తెలిసిపోగానే చూపు జారిపోయింది. మళ్లీ చూసింది. మళ్లీ అంతే.

"కదలకు," అంది.

లాస్య ఊపిరి బిగబట్టి కూర్చుంది.